మోకాలి నోటీసు

మిల్లు గేటుకి అంటించినట్టే
నా కుడి మోకాలు కూడా ఓ పొద్దున నోటీసిచ్చింది.
కారణాలు రాయలేదు.
మెట్టు దిగబోతుంటే చిప్ప కింద
తడి గోనె పిండినట్టు ఒక నులుము.

నలభై రెండేళ్ళు నాకు.
నెల్లిమర్లలో నెట్టు కట్టిన సాయంత్రాలన్నీ
దాని లెక్కలో ఉన్నాయి.
ఎ షిఫ్టు దిగి, జనపపొట్టు దులుపుకోకుండానే
బంతి కోసం గాల్లోకి లేచినవన్నీ.
నేను లేచినవి లెక్కపెట్టుకున్నాను,
అది దిగినవి లెక్కపెట్టుకుంది.

"ఒగ్గీ బావూ, ఇంకెన్నాళ్ళు గెంతుతావు?"
అన్నాడు వైండింగు ఎర్రన్నాయుడు.
ఆడు ముప్పయ్యారుకే ఒగ్గేశాడు.
ఇప్పుడు గట్టు మీద కూచుని
అందరి ఆటా తనే ఆడతాడు, నోటితో.

వావిలాకు కాపడం అంది మా అత్త.
జిల్లేడాకు కట్టమన్నాడు టీ కొట్టాయన.
మందుల షాపు కుర్రాడు అడక్కుండానే
ఎర్రమాత్రల అట్ట కత్తిరించాడు.
మింగిన రోజు నొప్పి నోరు మూసుకుంది.
ఆ ధైర్యంతో మూడు గేములు గెంతాను.
తెల్లారేసరికి మోకాలు తాటిపండు.

విజీనారంలో ఫిజియో అమ్మాయి యశస్విని,
నా కూతురి కంటే రెండేళ్ళు పెద్దదేమో,
చిప్ప చుట్టూ బొటనవేలితో వెతికి
"ఇక్కడేనా?" అంది.
అబ్బ, అక్కడే.
అంత కచ్చితంగా నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.

"తాడు తెగలేదండీ, పోగులు రేగాయి.
తొడలో బలం తగ్గి బరువంతా ఇది మోస్తోంది.
ఆట మానమనను.
గోడకి ఆనుకుని కూర్చోండి, కుర్చీ లేకుండా,
ముప్పై అంకెలు, రోజూ.
నొప్పి పదిలో మూడు దాటితే మాత్రం ఆగండి."

పదిలో మూడు!
నొప్పికి మార్కులేసే బడి నేనెరగను.
ఇప్పుడు వేస్తున్నాను.
సైకిలు తొక్కితే రెండు.
భోజనానికి కింద కూర్చుంటే నాలుగు.
పెరట్లో మరుగుదొడ్డికి ఆరు,
లేచేటప్పుడు పైడితల్లమ్మని తలుచుకుంటే ఏడు.

నా గోడకుర్చీ చూసి సన్యాసమ్మ
"ఎక్కం రాకపోతే మాస్టారేసీవోరు ఇది" అని
కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.
మూడో రోజు నుంచి అంకెలు తనే చదువుతోంది.
ఇరవై ఎనిమిది దగ్గర ఆపి
పొయ్యి మీద చారు చూసొస్తుంది.
నేను గోడ మీదే ఉంటాను, తొడలు వణుకుతూ,
ఇరవై తొమ్మిది కోసం.

ఐసు పోలమ్మ చేపల పెట్టెలోంచి.
పాత తుండుగుడ్డలో చుట్టి అద్దుకుంటే
చల్లగా, నీచుగా, హాయిగా.
వీధిలో పిల్లొకటి
నా మోకాలికి అభిమానైపోయింది.

సిమెంటు కోర్టు మీద వద్దనుకున్నాం, నేనూ అదీ.
చంపావతి ఒడ్డు ఇసకలో, వారానికి మూడు రోజులు.
కటింగు ఇక నాది కాదు.
నెట్టు పక్కన నిలబడి
వేళ్ళ చివర్లతో బంతికో మాట చెప్పి
గవిరేసుకి ఎత్తి ఇస్తాను.
పంతొమ్మిదేళ్ళవాడు, పైన కాసేపు ఆగిపోతాడు.
దిగేటప్పుడే, కాళ్ళు కర్రల్లా బిగిస్తాడు.
చూసినప్పుడల్లా నా చిప్ప కింద ఆ నులుము.
"ముందు వేళ్ళు ఆనాలిరా, మోకాలు ఒంచు."
"అలగేలే మావా" అంటాడు.
ఒంచడు.

గేముకి ఒక్క గెంతు నాకుంచమని అడిగాను.
మోకాలు అవుననలేదు, కాదనలేదు.

మొన్న ఆదివారం, ఇరవై మూడు, ఇరవై మూడు.
గవిరేసు పక్కకి జారిపోయాడు,
బంతి నా నెత్తిమీద
పండి, కోయమన్నట్టు.
లోపల అడిగాను, ఎంత?
రెండు, అంది.
లేచాను.

బంతి నెట్టుకి కొట్టుకుని మా వేపే పడింది.
గట్టు మీద ఎర్రన్నాయుడు
నా ఏడు తరాలనీ పలకరించాడు.
నేనేటో ఇసక కేసి చూస్తున్నాను.
వేళ్ళ గుర్తులు ముందు, మడమ తరవాత,
రెండు పాదాలూ సమంగా.
చప్పుడే కాలేదు.
గవిరేసు కూడా అటే చూస్తున్నాడు.